తాత్కాలిక బీగానికి శాశ్వత ఉద్యోగం

పత్తి సీజనులో ఆదోని మార్కెట్ యార్డుకు పోయి చూడండి. రైతు కుప్పకు లాటు నంబరు పడుతుంది. టెండరు తేలేదాకా దాన్నెవరూ ముట్టరు, తేలగానే వదిలేస్తారు. ఒక్క లాటు మీద తకరారు వచ్చిందని యార్డు గేటుకు బీగం వేసిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

కంప్యూటరోళ్ళకూ ఈ ఇంగితం ఉంది. డీబేస్, ఫాక్స్‌ప్రో రోజుల్లోనే రెండు ఆజ్ఞలుండేవి: ఆర్‌లాక్ అంటే ఒక్క రికార్డుకు బీగం, ఎఫ్‌లాక్ అంటే ఫైలు మొత్తానికి. యూనిక్స్ వాళ్ళయితే బీగం ఫైల్లో, వేసిన ప్రోగ్రాము నంబరు కూడా రాసిపెడతారు. తర్వాత వచ్చినవాడు అది బతికుందా అని చూస్తాడు. చచ్చిపోయుంటే బీగం పీకి పారేస్తాడు.

మన రిజిస్ట్రేషన్ల శాఖ 1998లోనే ‘కార్డ్’ పేరుతో కంప్యూటరెక్కింది. 22ఎ నిషేధిత జాబితా మాత్రం ఎఫ్‌లాక్ దగ్గరే కాళ్ళు చాపుకుని కూర్చుంది. సర్కారు భూమిని, దేవుని మాన్యాన్ని, వక్ఫ్ ఆస్తిని ఎవడూ అమ్ముకుపోకూడదని పెట్టిన సెక్షనది. కాదనేదెవరు? కానీ పదెకరాల సర్వే నంబరులో ఎకరం మాన్యముంటే పదెకరాలూ జాబితాలోకే! కూతురి పెండ్లికని ఎమ్మిగనూరు పక్క నల్లరేగడి రైతు రెండెకరాలు అమ్మబోతే, కౌంటరు దగ్గర మాటలిలా నడుస్తాయి:

“మాన్యం పక్కోళ్ళది సార్. నాది 3బీ.”

“నంబరు ఒకటే కదప్పా.”

“దీన్ని జాబితాలో ఎక్కిచ్చిండేది ఎవురు సార్?”

“ముందున్న సారు.”

“ఆ సారు యాడుండాడు?”

“రిటైరయినాడు.”

ప్రోగ్రాము పింఛను తీసుకుంటోంది, బీగం ఇంకా డ్యూటీలోనే ఉంది!

ఈ జాబితాలోకే ఎక్కిన చుక్కల భూములది ఇంకా ఘనమైన చరిత్ర. తెల్లదొరల నాటి రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి పోయారు. వాటి లెక్క తేల్చడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సొచ్చింది. గుమాస్తా కలం కొస ముందు శాసనసభ ఏపాటిది లెండి.

జాబితాలోకి ఎక్కించడానికి ఒక లేఖ చాలు. దింపాలంటే అర్జీ ఎమ్మిగనూరు తహసీల్దారు దగ్గర పుట్టి, ఆదోని ఆర్డీవో దగ్గర పెరిగి, కర్నూలు కలెక్టరేట్‌లో ముసలిదవ్వాలి. కూతురి పెండ్లి ఎటూ వడ్డీ అప్పుతో కానిచ్చేస్తారు. బీగం తీసేనాటికి, వారసుడిగా మనవడి సంతకం కూడా తెమ్మంటారు.