రికవరీ

భీమవరంలో రొయ్యల్ని పరీక్షించే ఒక ల్యాబులో రికవరీ పడిపోయింది.

ఫ్యూరజోలిడోన్ రొయ్యల పెంపకంలో నిషిద్ధ మందు. రొయ్య ఒంట్లో కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది గానీ, దాని ముక్క ఏఓజెడ్ కండని పట్టుకుని వారాల తరబడి వదలదు. యూరప్ వాళ్లు వెతికేది ఆ ముక్కనే. మన పెంపకపు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో నూటికి 10 తనిఖీ చేసేవాళ్లు 2016లో 50కి పెంచారు. 2022 నవంబరు నుంచి కిలోకి అర మైక్రోగ్రాము ఉన్నా సరుకు వెనక్కే.

పరీక్ష సరిగా నడుస్తోందా లేదా అన్నది తేలాలంటే, మందు లేని రొయ్య ముద్దలో తెలిసినంత ఏఓజెడ్ మొదట్లోనే కలిపి, ఆఖరికి ఎంత దొరికిందో చూడాలి; ఆ శాతమే రికవరీ. 9 శాతం దొరికింది.

కొత్తగా చేరిన కెమిస్టు కుర్రాడు ముందు మిషన్ని అనుమానించాడు. అంతా అయిపోయిన రొయ్య సారంలో, మిషన్‌కి ఎక్కించే ముందు, మిషన్‌కి కనపడే రూపంలోకి ముందే మార్చిన రెడీమేడ్ ఏఓజెడ్ స్టాండర్డు వేసి చూశాడు. 98 వచ్చింది. మిషన్ తప్పు లేదు. పోయేదేదో దారిలోనే పోతోంది. సారం లాగే ఇథైల్ ఎసిటేట్ మార్చాడు. నైట్రోజన్‌తో ఆరబెడుతున్నంత సేపూ పక్కనే కూర్చున్నాడు. 9 కాస్తా 10 కాలేదు.

ఆమ్లంలో, 37 డిగ్రీల దగ్గర, రాత్రంతా ఏఓజెడ్‌తో కలవాల్సింది నైట్రోబెంజాల్డిహైడ్. అది కలవకపోతే మిషన్‌కి ఏఓజెడ్ కనపడదు. వెలుతురు తగిలితే అది కలవదు. దాని సీసా కిటికీలో ఉంది. తెల్ల గాజు సీసా. లేబుల్ మీద తేదీ వెలిసిపోయింది. భీమవరంలో ఎండకి కొదవేముంది.

తాజాగా కలిపి గోధుమరంగు సీసాలో పోసి, పైన రేకు చుట్టాడు. 95 వచ్చింది. కిందటి వారం ఏమీ లేదని రిపోర్టిచ్చిన చెరువు శాంపిల్ ఒకటి మిగిలుంటే దాన్నీ మళ్లీ నడిపాడు. అందులో ఏఓజెడ్ ఉంది.

కాగితాలు పట్టుకుని యజమాని గదికి వెళ్లాడు. ఆయన మొదటి నుంచీ ఓపిగ్గా విన్నారు.

"ఆ చెరువెవరిది?"

"రిజిస్టరులో మీ బావమరిది గారి పేరుందండి."

యజమాని కాగితం మీద వేలు పెట్టారు.

"మొదట్లో వేస్తే తొమ్మిది. చివర్లో వేస్తే ఎంతన్నావబ్బాయ్?"

"తొంభై ఎనిమిదండి."

"మరింకేం? ఇక నుంచి చివర్లోనే వేసెయ్."