బొగ్గు మాహాత్మ్యము

పురాణమునకు ఫలశ్రుతి యెట్లో నేటి ప్రతి సరకునకు కరపత్రము అట్లు. బయోచార్ అను బొగ్గుపొడిని మట్టిలో నూటికి అయిదుపాళ్లు కలిపినంతనే రహదారిగట్టు, చెత్తదిబ్బపై పరచిన మట్టికప్పు, మేడమీది తోట, చెరువుకట్ట, ఇవన్నియు భేదము లేక నీటిని కడుపున దాచుకొని నిత్యహరితములై విలసిల్లునని అందు సెలవిచ్చినారు. సంతానప్రాప్తి సంగతి మాత్రము చెప్పలేదు. తరువాతి ముద్రణలో చేర్తురు కాబోలు.

బొగ్గును నిందించుట నా ఉద్దేశము కాదు. గాలి చాలనీయక కట్టెను, ఊకను సుమారు 350 మొదలు 700 డిగ్రీల వేడిమిలో మాడ్చగా మిగులు ఈ పదార్థమునకు లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రములున్న మాట నిజము. ఐరోపావారు కాలుమోపక పూర్వమే అమెజాన్ జనులు బొగ్గును, కుండపెంకులను, ఎముకలను కలిపి నల్లనేలలను సృష్టించుకొన్న మాట నిజము. ఇసుకనేలలో దీనివలన నీటినిల్వ పెరుగుట ప్రయోగములలో తేలినదే. అయితే ఇసుక పలికిన సాక్ష్యముతో రేగడికి తీర్పు చెప్పుట ఏ ధర్మశాస్త్రము? నీటిని పట్టి యుంచుట బంకమట్టికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అక్కడ బొగ్గు చూపు ఫలము స్వల్పము, ఒక్కొక్కచో శూన్యము. పైగా తక్కువ వేడిమిలో కాల్చిన కొత్తబొగ్గు నీటిని దరిచేరనీయక త్రోసివేయుటయు కలదు.

అసలు వినోదము గట్టు దగ్గర ఉన్నది. 1933లో ప్రాక్టర్ అను అమెరికా ఇంజనీరు దారి చూపిన పరీక్షను బట్టి మట్టి గరిష్ఠ సాంద్రతను తేల్చి, అందులో నూటికి 95 వంతులకు తగ్గకుండ గట్టును, 97 వంతులకు తగ్గకుండ దాని తలమీది సబ్‌గ్రేడును రోలరుతో అణచవలెనని మన రహదారి నిబంధన. కణముల నడుమ ఖాళీలను హరించుటకే ఆ రోలరు పగలంతయు అటునిటు దొర్లుచుండగా, ఖాళీలనే తన ఘనతగా చెప్పుకొనుచు మట్టి సాంద్రతను తగ్గించు పొడిని రొక్కమిచ్చి తెచ్చి అదే మట్టిలో కలుపుమందురు! గట్టు గర్భమున నీరు నిలిచిన బలము సన్నగిల్లునని, అందుకే నీరు పోవు దారులు కట్టుదురని ఏ మేస్త్రీ నడిగినను చెప్పును. నీరు నిలువదగినది పచ్చిక మొలచు పైపొరలో మాత్రమే. అక్కడనైనను 1500 కిలోపాస్కళ్ల పట్టును మించి ఇరుకు రంధ్రములలో చిక్కిన నీటిని సాధారణపు పైరువేరు లాగుకొనజాలదు. బొగ్గు దాచిన నీటిని లెక్కించి చూపు మహనీయులు వేరునకు దక్కిన నీటిని లెక్కింపరు.

ఇక గణితము. హెక్టారు నేలలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 2,000 టన్నులు. అందు నూటికి అయిదనగా 100 టన్నుల బొగ్గు. ఎండుకట్టె మూడు నాలుగు పాళ్లకు బొగ్గు ఒక పాలే దిగును గనుక 300 మొదలు 400 టన్నుల కట్టె. ఇదంతయు పచ్చదనము కొరకే సుమా!

గువాహటి ఐఐటీ పరిశోధకులు చెరువులను కమ్ము గుర్రపుడెక్కను కాల్చి, మట్టిలో కలిపి, బీటలను, నీటినిల్వను ఓపికతో కొలిచి చూచినారు. అది శాస్త్రము, కరపత్రమునకు ఆ ఓపిక లేదు. కావున, ఇంజనీరు మహాశయా, బొగ్గుబస్తాతో వచ్చినవానిని ఏ మట్టిలో కొలిచితివని, ఎంత అణచి కొలిచితివని అడుగుడు. జవాబు రానిచో బిల్లు మంజూరు చేయకుడు.