గైర్హాజరు మహాదాతలు

తెలుగువారికి సంవత్సరాదులు రెండు. చైత్ర శుద్ధ పాడ్యమినాడు వచ్చునది పంచాంగమునకు. జనవరి ఒకటవ తేదీని వచ్చునది జిమ్ములకు. మొదటిదానియందు ఆదాయవ్యయములును రాజపూజ్యావమానములును చదివి వినిపింతురు. రెండవదానియందు నడుము చుట్టుకొలతయు, బరువును, కొవ్వు శాతమును చదివి వినిపింతురు. ఫలశ్రుతి మాత్రము రెంటికిని ఒక్కటియే: ఆదాయ మెవరిదైనను వ్యయము మనది.

ఆ పుణ్యదినములలో అమీర్‌పేటయందు గాని, కూకట్‌పల్లియందు గాని, బెజవాడ బెంజి సర్కిలు పరిసరములయందు గాని ఏ జిమ్ములోనికి తొంగిచూచినను కన్నులపండువుగా నుండును. అట్టపెట్టె వాసన యింకను వదలని బూట్లు తొడిగి, చేతులకు సగము వ్రేళ్ల తొడుగులు బిగించి, మూత తీయుటయే యొక వ్యాయామమైన షేకరు సీసాను చంక నిడుకొని, ఏడాది చందా ఒక్కమారే కట్టినచో మూడు మాసములు ఉచితమను మాటకు కరిగిపోయి కార్డు గీకిన నవసభ్యులు, నిలువుటద్దముల యెదుట నిలిచి 'బిఫోర్' ఫోటో తీసికొనుచుందురు. ఈ 'బిఫోర్' ఫోటోలు తెలుగుదేశమున సెల్‌ఫోను సెల్‌ఫోనునందును గలవు. వానికి జతగా నుండవలసిన 'ఆఫ్టర్' ఫోటోలు మాత్రము జిమ్ము గోడమీది ప్రకటనలయందు తప్ప మరెచ్చటను కానరావు.

మొదటి వారమున తెల్లవారుజామున అయిదింటికే తలుపు తట్టిన యీ భక్తబృందము, రెండవ వారమున ఆరున్నరకు దిగి, అంతలో సంక్రాంతి రాగా ఊరికి పోయి, అరిసెల డబ్బాతో తిరిగి వచ్చి, "ఇకమీదట సాయంత్రములే అనుకూలము" అను నిర్ణయమునకు వచ్చి, ఆపైన ట్రైనరు పంపు వాట్సాప్ సందేశములయందు మాత్రమే సభ్యులుగా మిగులును. "సార్, రేపు లెగ్ డే. మిస్ అవ్వొద్దు" అని యతడు వ్రాయును. "ఆఫీసులో ఆడిట్ ఉంది బ్రో, సోమవారం నుంచి పక్కా" అని వీరు వ్రాయుదురు. సోమవారమనునది వారములో నొక దినమని జ్యోతిషము చెప్పును గాని, వ్యాయామశాస్త్రము ననుసరించి అది యెన్నడును సమీపింపక, ఎన్నడును దూరము కాక, ఎల్లప్పుడును ముందే నిలిచియుండు నొక స్థితివిశేషము.

ఇట్టివారిని లోకము సోమరులని నిందించుచున్నది. ఇల్లాండ్రు ఆ చందాతో ఎన్ని గ్రాముల బంగారము వచ్చియుండెడిదో లెక్కగట్టి చెప్పుచున్నారు. డాక్టర్లు రక్తపరీక్ష కాగితము చూచి తల యాడించుచున్నారు. నాకు మాత్రము ఆలోచించినకొలది వీరు నిందార్హులు కారనియు, పైపెచ్చు మన కాలపు మహాదాతలలో నగ్రగణ్యులనియు తోచుచున్నది. ఈ మాట ఊరక పొగడ్తకు చెప్పునది కాదు. దీనికి శాస్త్రప్రమాణము కలదు.

డెల్లావిన్యా, మాల్మెండియర్ అను నిద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికాలోని మూడు జిమ్ముల హాజరుపట్టీలను పరిశోధించి, జిమ్మునకు పోకుండుటకై డబ్బు చెల్లించుట యను అర్థము వచ్చు పేరుతో 2006లో నొక వ్యాసమును ప్రకటించిరి. అచ్చట నెలకు 70 డాలర్లకు పైబడి చందా కట్టినవారు సగటున నెలకు 4.3 మార్లు మాత్రమే వచ్చిరట. అనగా వచ్చిన ప్రతిమారునకును 17 డాలర్లకు పైగా పడినదన్నమాట. పది మార్లకు సరిపడు టిక్కెట్లు కొనుక్కొన్నచో మారునకు పది డాలర్లతో పోవునది. అంతటితో సరిపోలేదు. చివరిమారు వచ్చి వెళ్లిన పిమ్మట చందా మానిపించుకొనుటకు వారికి సగటున రెండు మాసములకు పైగా పట్టెను. తాను రాని చోటికి, తాను రానని తెలిసిన పిమ్మటను, ధనమును పంపుచుండుటను దానమనక మరేమనవలెను? అన్నసత్రమునకు బియ్యమిచ్చి పంక్తిలో కూర్చుండని దాతను ఊరంతయు కొనియాడును గదా! ట్రెడ్‌మిల్లునకు కరెంటు బిల్లు కట్టి దానిపై కాలు మోపని దాతకు అపకీర్తి యేల?

వీరి త్యాగము లేనిచో జిమ్మనునది నిలువజాలదు. మూడవ అంతస్తులో అద్దెకు తీసికొన్న హాలు. అందు నాలుగు ట్రెడ్‌మిల్లులు, వానిలో నొకదానిపై 'రిపేరు' అను కాగితము. స్క్వాట్ రాక్ ఒక్కటి. పది కిలోల డంబెల్సు ఒక్క జత, అదియు జతలో నొకటి యెప్పుడును కనబడనిది. రిజిస్టరులో చూచినచో సభ్యులు వందలు. వారందరును ఒకానొక ప్రాతఃకాలమున కర్తవ్యము స్ఫురించి యేకకాలమున విచ్చేసినచో సంభవించు నుత్పాతమును ఊహించుకొనుడు! లిఫ్టు ఆగిపోవును, బెంచి ప్రెస్సు క్యూ మెట్లమీదుగా దిగి పార్కింగు దాటి వీధిలోని ఇడ్లీబండి వరకు సాగును, యజమాని గుండె నిలిచిపోవును. కావున సభ్యులలో ఉత్సాహమును నిలుపుట జిమ్ములకు లాభకరమని తలంచువారు వ్యాపారమెరుగనివారు. ఉత్సాహమును పుట్టించుటయే లాభకరము, నిలుపుట నష్టకరము. అది జనవరిలో పుట్టి, ఫిబ్రవరిలో గిట్టి, మరల జనవరిలో పునర్జన్మ మెత్తవలెను.

అందుచేతనే ఉత్సాహమును విక్రయించుట ప్రత్యేకమైన యొక వర్తకమైనది. గోడలపై 'నో పెయిన్ నో గెయిన్'. చెవులలో డప్పు దరువుల ప్లేలిస్టు. శయ్యపై పవళించి గంటసేపు తిలకించుటకు వర్కౌటు రీలులు. పరులు చెమటోడ్చుచుండగా చూచి మనము అలసిపోవుట యీ యుగమునందు సాధ్యమైన యద్భుతము. మణికట్టున గడియారమొకటి, అది కాలము చెప్పుట మాని అడుగులు లెక్కించును. దినమునకు పదివేల అడుగులు నడువవలెనను శాసనమును నేడు అందరును ధన్వంతరి వచనముగా భావించుచున్నారు గాని, అది 1964 టోక్యో ఒలింపిక్సు ముగిసిన మరుసటి యేట జపానులో నొక కంపెనీ విడుదల చేసిన అడుగుల మీటరు పేరు. ఆ యంత్రము పేరే 'మాన్పో కెయ్', అనగా పదివేల అడుగుల మీటరు. సరుకు అమ్ముటకు పెట్టిన పేరు శాస్త్రమై కూర్చున్నది. తత్ఫలితముగా రాత్రి పదకొండు గంటలవేళ, తొమ్మిదివేల పైచిలుకు అడుగులతో మంచమెక్కిన గృహస్థుడు, మిగిలినవానిని పడుకొనియే చేయి ఊపి పూర్తిచేసికొనుచున్నాడు.

ఇక ట్రెడ్‌మిల్లు చరిత్ర యింకను రుచికరము. దీని పూర్వజన్మ కారాగారమునందు జరిగినది. 1818లో విలియం క్యూబిట్ అను ఇంగ్లీషు ఇంజనీరు, ఊరక కూర్చుండి తినుచున్న ఖైదీలకు బుద్ధి వచ్చుటకై, మెట్లు గల పెద్ద చక్రమొకదానిని కల్పించి, గంటల తరబడి దానిని ఎక్కుచునే యుండునట్లు, ఎంత యెక్కినను ఉన్నచోటనే యుండునట్లు ఏర్పాటు చేసెను. కొన్ని చెరసాలలలో అది ధాన్యము విసరెను. కొన్నింట ఏమియు విసరక గాలిలో తిరిగెను. ఇది మిక్కిలి క్రూరమైన శిక్ష యని యెంచి 1898 నాటి కారాగార చట్టముతో ఇంగ్లండువారు దానిని అంతమొందించిరి. ఆ శిక్షనే మనము ఇప్పుడు పన్నుతో సహా చెల్లించి కొనుక్కొనుచున్నాము. అదియును ఎట్లు? వీధి చివరనున్న జిమ్మునకు కారులో పోయి, మూడవ అంతస్తునకు లిఫ్టులో ఎక్కి, అచ్చట మెట్లెక్కు యంత్రముపై నిలిచి, ఇరువది నిమిషములు మెట్లెక్కి, మరల లిఫ్టులో దిగి! నాటి ఖైదీకి ఉత్సాహము నిలుపుకొనుట యెట్లను సమస్య యెన్నడును కలుగలేదు. వెనుక వార్డరు నిలిచియుండెను.

ఉత్సాహ మేల నిలువదన్న ప్రశ్నకు సమాధానము దేహధర్మములోనే యున్నది. బరువులెత్తుట ప్రారంభించిన మొదటి వారములలో బలము పెరుగును గాని, అది ప్రధానముగా నాడీమండలము నేర్చుకొన్న నేర్పు; కండ కంటికి కనబడునంతగా పెరుగుటకు మాసములు పట్టును. నొప్పి మాత్రము ఆలస్యము నెరుగదు. లెగ్ డే జరిగిన రెండవనాటికి పరిపక్వమై, మెట్లు దిగువానిని గోడ పట్టుకొనునట్లు చేయును. చాకిరి నేడు, జీతము ఆరు మాసములకు! ఈ షరతుపై ఏ ఉద్యోగి నిలుచును? పైగా అంకెలు నిర్దయమైనవి. ఒక చిన్న చెంచాడు నేయి, అయిదు గ్రాములు, 45 కేలరీలు. డెబ్బది కిలోల మనిషి దానిని కరిగింపవలెనన్న ఆరువందల మీటర్లకు పైగా పరుగెత్తవలెను. ఒక కిలో కొవ్వు కరుగవలెనన్న సుమారు 7,700 కేలరీలు. అనగా తిండి యేమాత్రము తగ్గింపక పరుగుతోనే సాధింప దలచినవాడు హైదరాబాదున బయలుదేరి నల్లగొండ దాటువరకు ఆగరాదు. ఆవకాయ అన్నములో నేయి వేయునపుడు అమ్మ "ఇంకొంచెం వేసుకో నాయనా, చిక్కిపోయావు" అనును. ఆ 'ఇంకొంచెం' ధర ఎన్ని మీటర్లో ఆమెకు తెలియదు, తెలిసినను మానదు.

ఇట్లనగా, మన దేశమున దేహసాధన యెన్నడును నిలువలేదా యని యెవరైన నడుగవచ్చును. నిలిచినది. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు నడిపి, ఉక్కు గొలుసులు త్రెంచి, రొమ్ముపై ఏనుగును నిలిపి, 'కలియుగ భీము'డని బిరుదొందిన కోడి రామమూర్తినాయుడు శాకాహారి. ప్రొటీన్ పౌడరు డబ్బా ఆయన చూచి యెరుగడు. తాలింఖానాలలో మన తాతలు దండీలు బస్కీలు తీసిరి, సంగడములు త్రిప్పిరి, కర్రసాము నేర్చిరి. అచ్చట అద్దములు లేవు, గురువు కన్నులు మాత్రమే యుండెను. రాకపోయినచో వాట్సాప్ సందేశము వచ్చెడిది కాదు. గురువే యింటికి వచ్చెడివాడు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట నుండి బయలుదేరిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో 110, 130, మొత్తము 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ యయ్యెను. విజయనగరము జిల్లా కొండవెలగాడలో బరువులెత్తుట నేటికిని ఊరి అలవాటు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో పతకము నెగ్గెను. అట్టి యూరిలో నొక పిల్ల సాయంత్రమున బార్‌బెల్ వద్దకు పోకున్నచో "ఏమే, ఒంట్లో బాగోలేదా?" అని వీధివారు నలుగురడుగుదురు, ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుటకన్న బరువెత్తుటయే సులభము.

జిమ్ములలో నట్టివా రసలు లేరని గాదు. మా పేటలోని జిమ్మునకు ప్రతిదినము అయిదున్నరకు వచ్చు వృద్ధుడొకరు కలరు. ట్రెజరీలో పనిచేసి విశ్రాంతి గొన్నవారు. పాత పంచెను చించి కుట్టిన తువాలు భుజముపై నుండును. జేబులో చందమామ బొమ్మ అట్టగల చిన్న నోటుపుస్తకము, దారముతో కట్టిన పెన్సిలు. మూడే మూడు పనులు చేయుదురు. చేసినదానిని పుస్తకములో తేదీతో ఎక్కింతురు. పక్షమున కొకమారు, ఎవరును తాకని 1.25 కిలోల బుల్లి ప్లేట్లను వెదకి తెచ్చి, బార్‌బెల్‌కు ఆ ప్రక్క నొకటి, ఈ ప్రక్క నొకటి తగిలించి, స్క్రూలు బిగించి, చేతులు తుడుచుకొని, రెండున్నర కిలోలు అధికముగా నెత్తుదురు. ఒకనాడు కుర్రవాడొకడు ఫోను కెమెరా ముందుంచి, "అంకుల్, మీ మోటివేషన్ ఏంటో మా ఫాలోయర్స్‌కి చెప్పండి" అని యడిగెను. ఆయన కొంచెము కంగారుపడి, "మోటివేషనా? అదేం లేదు బాబూ. ఈ టైముకి ఇంట్లో ఉంటే మా ఆవిడ కూరగాయలు తరగమంటుంది" అనిరి. ఆ రీలుకు లైకులు రాలేదని విన్నాను.

ఈ వృద్ధుని గూర్చి జిమ్ము యజమాని నడిగితిని. అతడు నిట్టూర్చెను. "ఆయనా? పర్సనల్ ట్రైనింగ్ తీసుకోడు, ప్రొటీన్ కొనడు, ఏసీ వేయమనడు గానీ రోజూ వస్తాడు సార్. అలాంటోళ్లు ఇరవై మంది ఉంటే నేను షట్టర్ దించుకోవాలి" అనెను. ఆ మాటలో వ్యాపారరహస్యమంతయు నున్నది. ఉత్సాహవంతుడు జిమ్మును పోషించును. అలవాటుపడినవాడు జిమ్ముచే పోషింపబడును. అందరును అలవాటుపడుదురేమోనను భయము మాత్రము యజమానికి ఎన్నడును లేదు. మన జాతిపై ఆతని విశ్వాసము అచంచలము.

కనుక నాదొక మనవి. దేవాలయములలో పది రూపాయల ట్యూబులైటు నిచ్చిన దాతయు, వెలుతురు కనబడనంతగా దానిపై తన పేరు వ్రాయించుకొనుచున్నాడు. జిమ్ములయందు మాత్రము ఇంతటి దాతలకు పేరులేకపోవుట కృతఘ్నత. ప్రతి జిమ్ము గుమ్మమునను చలువరాతి ఫలకము నొకటి నెలకొల్పి, ఏడాది చందా చెల్లించి ఫిబ్రవరి నుండి కానరానివారి పేర్లను గోత్రనామములతో చెక్కింపవలెను. ఆవిష్కరణోత్సవమును ఒక సోమవారమునాడు పెట్టి, దాతలనందరిని సకుటుంబముగా ఆహ్వానింపవలెను. అందరును "తప్పక వస్తాం బ్రో" అని బదులు వ్రాయుదురు. కుర్చీలు తెప్పింప బనిలేదు.