ముందు నా దగ్గరికి రండి: ఒక రిఫ్రాక్టోమీటర్ ఆత్మకథ

నేను జానెడు పొడవున్న లోహపు గొట్టాన్ని. ఒక కొసన ఏటవాలుగా కోసిన గాజు పట్టకం, దానిమీద మూతపడే పారదర్శకమైన రేకు, రెండో కొసన కన్ను ఆనించి చూసే కటకం. బ్యాటరీ లేదు, కరెంటుతో పని లేదు. నీళ్ళలో ఏదైనా కరిగి ఉంటే వెలుగు మరికాస్త ఎక్కువ వంగుతుంది. ఆ వంపును నేను అంకెగా మార్చి చూపిస్తాను. మా వంశం 1870లలో జర్మనీలోని యేనాలో, భౌతికశాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే చేతుల్లో కుదురుకుంది. మా వాళ్ళలో కొందరు పళ్ళరసాల్లో తీపి కొలుస్తారు. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే రొయ్యల చెరువుల గట్ల మీద ఇంకొందరు కనిపిస్తారు. నీటిలో ఉప్పదనం (సెలినిటీ) ఎంతుందో చూసుకోకుండా సీడ్ వదలడానికి అక్కడి రైతు ఒప్పుకోడు. నేనుండేది పశువైద్యుడి బల్ల మీద. మూత్రం చిక్కదనం కొలవడం నా పని. తెనాలిలోనో బాపట్లలోనో పిల్లిని పెంచుకుంటున్న వాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. వయసు మీరిన పిల్లికి కిడ్నీ జబ్బు ఉందేమోనని వెతకడం వాంతులు మొదలయ్యేదాకా ఆగకూడదు, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేదాకా కూడా ఆగకూడదు. మూత్రం పలచబడుతున్నప్పుడే మొదలుపెట్టాలి. అందుకు పెద్ద నగరం అక్కర్లేదు.

పిల్లి పూర్వీకులు ఎడారి అంచుల్లో బతికిన అడవిపిల్లులు. తిన్న ఎలుకలోని తడితోనే చాలావరకు సరిపెట్టుకున్న ప్రాణులు. అందుకే నీటిని ఒడిసిపట్టుకోవడంలో పిల్లి కిడ్నీ మనిషి కిడ్నీని మించినది. డిస్టిల్డ్ వాటర్ నా స్కేలు మీద 1.000 చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రం సాధారణంగా 1.035 పైనే ఉంటుంది, 1.060 దాటినా వింత కాదు. అయితే మనిషి కిడ్నీ ఒక్కోదానిలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు సుమారు 10 లక్షలుంటే, పిల్లికి ఉండేవి దాదాపు 2 లక్షలే. పోయిన నెఫ్రాన్ మళ్ళీ పుట్టదు. మిగిలినవి పోయినవాటి చాకిరీ కూడా నెత్తికెత్తుకుంటాయి కాబట్టి పిల్లి చాలాకాలం ఏమీ జరగనట్టే తిరుగుతుంది. పశువైద్య పాఠాల్లో చెప్పే లెక్క ఇది: మూడింట రెండొంతుల నెఫ్రాన్లు పోయాక మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది, నాలుగింట మూడొంతులు పోతే గాని క్రియాటినిన్ హద్దు దాటదు. ఆ రెంటికీ నడుమ దొరికే వ్యవధిలోనే నా అవసరం. పిల్లి నీళ్ళ గిన్నె దగ్గరికి మాటిమాటికీ వెళ్తుంటే, మంచిదేలే, నీళ్ళు బాగా తాగుతోంది అనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. తాగడం వల్ల మూత్రం పలచబడటం కాదు అక్కడ జరుగుతున్నది. కిడ్నీ నీటిని నిలుపుకోలేక వదిలేస్తోంది గనుక, ఒళ్ళు ఎండిపోకుండా అది తాగుతోంది.

రోహిణి కార్తెలో ఏ ప్రాణి ఎక్కువ నీళ్ళు తాగదు అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, బాపట్ల ఎండకు పిల్లి కూడా తాగుతుంది. కానీ ఎండకు తాగిన నీళ్ళు ఒంటిని చల్లబరచడానికే ఖర్చవుతాయి. ఆరోగ్యమైన కిడ్నీ అలాంటప్పుడు నీటిని మరింత బిగబట్టి, మూత్రాన్ని ఇంకా చిక్కగా పంపిస్తుంది. తాగడం పెరిగి, మూత్రం పలచగానే ఉంటే ఎండను నిందించి లాభం లేదు. ఈ తేడా గిన్నెను చూస్తే తెలియదు, నాలోంచి చూస్తే తెలుస్తుంది. పట్టకం మీద రెండు చుక్కలు వేసి, గాలిబుడగ లేకుండా రేకు మూసి, కిటికీ వెలుగు వైపు తిప్పాలి. లోపల పైన నీలం, కింద తెలుపు, ఆ రెండూ కలిసే చోట తిన్నని గీత. గీత ఏ అంకె మీద నిలిస్తే అదే చిక్కదనం. కిడ్నీ పూర్తిగా చేతులెత్తేసిన పిల్లిలో ఆ గీత 1.008కీ 1.012కీ మధ్య, దాదాపు రక్తపు ద్రవంతో సమానంగా ఆగిపోతుంది. మూత్రంలో ముంచి రంగు చూసే కాగితపు స్ట్రిప్పు చిక్కదనం విషయంలో పిల్లికి నమ్మదగినది కాదు. రొయ్యల చెరువు దగ్గరి మా దాయాదిని తెచ్చి వాడదామన్నా కుదరదు, అతని అంకెలు ఉప్పునీటికి గీసినవి.

నా మాటే వేదమని నేననను. ఒక్క పూట పలచటి మూత్రం కనబడితే జబ్బు ఖాయమైనట్టు కాదు. తడి తిండి తినే పిల్లికి, స్టిరాయిడ్లో మూత్రం జారీ చేసే మందులో వాడుతున్న పిల్లికి గీత కిందికి దిగవచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా దాహం, బరువు తగ్గడం రెండూ కనిపిస్తాయి. షుగరు జబ్బులో చిక్కు మరోలా ఉంటుంది, మూత్రంలోని చక్కెర గీతను పైకి నెట్టి నన్నే తప్పుదారి పట్టించగలదు. ఇంకో సంగతి కూడా దాచకూడదు: కిడ్నీ దెబ్బతిన్నా మూత్రాన్ని చిక్కబరచగలిగే పిల్లులు కొన్ని ఉంటాయి. కాబట్టి రెండు మూడు వారాల ఎడంతో మళ్ళీ చూడాలి, రక్తపరీక్ష తోడు కావాలి. నేను రోగం పేరు పెట్టను. వెతకాల్సిన వేళ వచ్చిందని మాత్రం అందరికంటే ముందు చెబుతాను.

మరి క్రియాటినిన్ పరీక్ష తెనాలిలో ఏ ల్యాబులోనైనా చేస్తారుగా, అదొక్కటి చాలదా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బు పుణ్యమా అని క్రియాటినిన్ మాట తెలియని తెలుగు ఇల్లు లేదు. ఉద్దానం జబ్బుకూ పిల్లుల జబ్బుకూ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ ఎక్కువగా కనిపించేది కిడ్నీలోని సన్నని నాళాలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ నెమ్మదిగా పాడవడం, రెండింటిలోనూ అసలు కారణం చాలావరకు తేలలేదు. కారణం తెలియని జబ్బును ఆపలేం కాబట్టి ముందుగా పట్టుకోవడమే దారి. అందుకు క్రియాటినిన్ ఒక్కటే చాలదు, అది కండరాల నుంచి పుడుతుంది. ముసలితనంతో కండ కరిగిన పిల్లిలో కిడ్నీ చెడినా అంకె మామూలుగా కనబడి ధైర్యం చెబుతుంది. అంతర్జాతీయంగా పశువైద్యులు పాటించే ఐరిస్ పద్ధతిలో మొదటి దశ పిల్లికి క్రియాటినిన్ 1.6 లోపే ఉంటుంది, అంటే రక్తం మామూలుగానే ఉన్నా జబ్బు ఉండవచ్చని ఆ పద్ధతే ఒప్పుకుంటోంది. ఆ దశలో పలచటి మూత్రం లాంటి గుర్తులే ఆధారం. రెండో సాక్షి బరువు. 2016లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 569 కిడ్నీ జబ్బు పిల్లుల పాత బరువులు తిరగేసి చూస్తే, జబ్బు బయటపడటానికి మూడేళ్ళ ముందే తగ్గుదల మొదలైనట్టు తేలింది. చివరి ఏడాదిలో పోయిన బరువు మధ్యస్థంగా 8.9 శాతం. నాలుగు కిలోల పిల్లికి అది 350 గ్రాముల పైమాట, బొచ్చు మాటున కంటికి ఆనదు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టలో పెట్టి నెలకోసారి తూస్తే తెలిసిపోతుంది.

అన్నింటికంటే బరువైన ప్రశ్న వేరే ఉంది. నయంకాని జబ్బును ముందే తెలుసుకుని ఏం చేయాలి? నయం కాదు, కానీ నెమ్మదిస్తుంది. 2000లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో ఫాస్ఫరస్, ప్రొటీన్ తగ్గించిన తిండి తిన్న పిల్లులు మధ్యస్థంగా 633 రోజులు బతికాయి, తినని పిల్లులు 264 రోజులు. ఆ తిండి మీద నిలవని పిల్లులనే రెండో గుంపుగా లెక్కించారు కాబట్టి అవి ముందే నీరసంగా ఉన్నాయేమో అన్న అనుమానం న్యాయమైనదే. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 45 పిల్లులను చీటీ వేసినట్టు రెండుగా పంచి రెండేళ్ళు చూశారు. మామూలు తిండి తిన్నవాటిలో 26 శాతానికి రక్తంలో విషాలు పేరుకుని ప్రాణం మీదికొచ్చింది. కిడ్నీ తిండి తిన్నవాటిలో ఒక్కదానికీ రాలేదు. ఆ తిండి ఖరీదైనదే, రేపల్లెలో అడిగిన వెంటనే దొరకదు. అయినా చేయగలిగింది ఉంది. మన తీరంలో పిల్లికి ప్రేమగా పడేసే చేప తలకాయలు, ముళ్ళు, ఎండు నెత్తళ్ళు ఫాస్ఫరస్ మూటలు. వాటిని మాని, ముళ్ళు తీసిన ఉడికించిన కండ, గుడ్డు తెల్లసొన డాక్టరు చెప్పిన పాళ్ళలో పెట్టవచ్చు. ప్రొటీన్ మొత్తం మానేసి పెరుగన్నం మీద ఉంచడం మాత్రం కీడే, మాంసాహారి కండ ఇంకా కరుగుతుంది. జబ్బు ఉందని తెలిస్తే బీపీ చూస్తారు. బీపీ 160 దాటి అలాగే ఉంటే కంటిపొర ఊడి పిల్లి ఉన్నట్టుండి గుడ్డిదయ్యే ప్రమాదం ఉంది, దాన్ని ఆపడానికి మనుషులు వాడే ఆమ్లోడిపిన్‌నే చిన్న మోతాదులో ఇస్తారు. జబ్బు సంగతి తెలిస్తే, కుంటుతోందని ఇంట్లోని నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ ముక్క పెట్టే చేయి కూడా ఆగుతుంది. పారాసెటమాల్ అయితే ఏ పిల్లికైనా విషమే.

ఇక మిగిలింది పిల్లి మూత్రం పట్టేదెలా అన్న చిక్కు. ఇసుకలో పోసి కప్పెట్టే జీవి కదా. ఒక రాత్రి గదిలో ఉంచి, దాని తొట్టెలో ఇసుకకు బదులు చేపల తొట్టెలో వేసే నున్నటి గులకరాళ్ళు బాగా కడిగి, ఆరబెట్టి పరిస్తే చాలు, తడి పీల్చుకోవు. తొట్టెను ఒక పక్కకు వంచి, సూది లేని సిరంజితో లాగి, శుభ్రమైన డబ్బాలో మూత పెట్టి ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచి, పరీక్షకు ముందు గది వేడికి రానివ్వాలి. అలా కుదరకపోతే డాక్టరే పొట్టలోంచి సన్నని సూదితో తీస్తారు. గేదెలు, గొర్రెల మధ్య పిల్లిని చంకనేసుకుని నిలబడటానికి మొహమాటపడవద్దు. బాపట్లలోనైనా తెనాలిలోనైనా డాక్టరు బల్ల మీద నేను ఉన్నానా అని అడగండి, లేకపోతే తెప్పించమనండి. ఏడేళ్ళు దాటిన పిల్లికి ఏడాదికోసారి, పదేళ్ళు దాటితే ఆరు నెలలకోసారి చూపించి, ఆ రోజు అంకెనూ బరువునూ పక్కపక్కనే రాసిపెట్టుకోండి.