స్కూటరాశ్వ విజయం: ప్రథమాశ్వాసం

నలగామరాజు కొలువుదీరిన గురజాల పురవరాన, ఒకానొక గురువారం, వర్జ్యం వెళ్లి అమృత ఘడియలు ప్రవేశించిన వేళ, మా బాబాయి వాకిట్లోకి కొత్త స్కూటరు వేంచేసింది. చతురంగ బలాలు వెంట లేవు గానీ వీధి కుక్కలన్నీ ఎదురేగి వందిమాగధుల లోటు తీర్చాయి. వాహనరాజం బూడిద రంగుది. తెల్లది తెమ్మని పిన్నీ, ఎర్రది తెమ్మని తమ్ముడూ పోరారు. దాచేపల్లి సిమెంటు దుమ్మూ, పిడుగురాళ్ల సున్నపు దుమ్మూ రెండూ పడినా బయటపడని రంగు ఇదొక్కటేనని బాబాయి తీర్పు చెప్పాడు. నాయకురాలు నాగమ్మ కూడా ఇంతకన్నా ముందుచూపు చూసి ఉండదు.

వెనకటికి మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో ఒక శాస్త్రమే రాశాడు. ఆయన గనక వచ్చి చూస్తే తల గోక్కునేవాడు. ఒంటి మీద సుడి లేదు, సకిలింపు లేదు, ఉన్న రెండు కాళ్లూ గుండ్రం. జీను మీద పాలిథీన్ కవచం ఒకటి. దాన్ని ఊడబెరికే మగటిమి పల్నాటిలో ఇంతవరకు ఎవరూ చూపలేదు. ఎండకు కాగి, ప్యాంటుకు అతుక్కుని, దిగేటప్పుడు చర్రుమన్నా సరే, బండి కొత్తదని నలుగురికీ చాటేది అదే మరి.

అశ్వం వచ్చేనాటికే అశ్వశాల సిద్ధమైంది. వీధికీ అరుగుకీ మూరెడు ఎత్తు తేడా. మేస్త్రీ నాపరాయి బండనొకదాన్ని ఏటవాలుగా ఆనించి, అంచులకు సిమెంటు మెత్తాడు. శ్రీరాముడి వారధికి కోతులే సరిపోయాయి. ఈ వారధికి మాత్రం పక్కింటి పెద్దలు ముగ్గురు కుర్చీలు వేసుకుని సలహాలిచ్చారు.

ఇక పూజ. అమ్మవారి గుడి ముందు పంతులుగారు హెడ్‌లైటు నుదుట పసుపుతో స్వస్తిక్ దిద్ది, స్పీడోమీటరు అద్దానికి ఇంత కుంకుమ పెట్టారు. దాంతో వేగమెంతో తెలుసుకునే దారి మొదటిరోజే మూసుకుపోయింది. చామంతి దండ హ్యాండిలు నుంచి వేలాడి బ్రేకును కప్పేసింది. పిన్ని రెండు చక్రాల కిందా రెండు నిమ్మకాయలు పెట్టింది. బాబాయి అటూ ఇటూ చూసి, ఇష్టదేవతను తలచుకుని, యాక్సిలరేటరు సుతారంగా తిప్పాడు. వెనక నిమ్మకాయ చిట్లి వీరమరణం పొందింది. ముందుది పిరికిది. కొత్త టైరు నునుపుకు సర్రున జారి, గుడి మెట్ల పక్క కాలవలో దూకి ప్రాణం దక్కించుకుంది. పంతులుగారు తొణకలేదు. "ఇంకోటి పెట్టమ్మా" అన్నారు. ఎండాకాలంలో నిమ్మకాయ ధరెంతో ఎరిగిన పిన్ని చూసిన చూపును వర్ణించడానికి నాకు భాష చాలదు.

పూజ అయ్యాక బంకు. బాబాయి పూర్వాశ్రమంలో చేతక్ రౌతు. 1972లో రాణా ప్రతాపుడి గుర్రం పేరు పెట్టుకుని వచ్చిన ఆ బజాజ్ స్కూటరుకు పెట్రోలులోనే ఆయిలు కలిపి పొయ్యాలి. మొరాయిస్తే పక్కకు వంచి, బతిమాలి, కిక్కు కొట్టాలి. ఆ అలవాటు చొప్పున "కాస్త టూటీ ఆయిలు కూడా పొయ్యి అబ్బాయ్" అన్నాడు. "ఇది ఫోర్ స్ట్రోకు బాబాయ్, దాని ఆయిలు దానికి వేరే ఉంటది" అన్నాడు బంకు కుర్రాడు. ఒక యుగం అక్కడ ముగిసింది.

అసలు కథ ఇక్కడినుంచే. బండితో వచ్చిన పుస్తకం మొదట్లో బండిని నెమ్మదిగా నడపమంది. బాబాయి దాన్ని వేయి కిలోమీటర్ల వ్రతంగా స్వీకరించాడు. నలభై దాటరాదు, ముగ్గురెక్కరాదు, మిరపకాయ బస్తా అసలే వెయ్యరాదు. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ నియమాలు అతి అనిపించవు. సిలిండరు గోడ మీద నూనె నిలవడానికి సన్నటి అడ్డగీతలు కావాలనే గీస్తారు. పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు కొత్తలో ఆ గోడకు పూర్తిగా ఆనవు. ఒకే ఇంట్లో పుట్టిన దాయాదులాయె! నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ ఒరుసుకుంటూ ఒకదాని మిట్టలు ఒకటి కొట్టేసుకుంటాయి. మొదట్లోనే రెచ్చగొడితే వేడెక్కి గీరుకుపోతాయి. అలాగని గంటలకొద్దీ ఒకే వేగాన ఈడ్చినా పొత్తు కుదరదు, హెచ్చుతగ్గులు ఉండాలి. నలగాముడూ మలిదేవుడూ కూడా సవతి అన్నదమ్ములే. వాళ్ల ఒరిపిడి కోడిపోరుతో మొదలై నాగులేటి ఒడ్డున కారెంపూడిలో తేలింది, అక్కడ వీర్లగుడి మిగిలింది. ఈ యుద్ధం మాత్రం సంధితో ముగుస్తుంది. రాలిన ఇనుప రజను నూనెలో కలుస్తుంది, మొదటి సర్వీసులో ఆ నూనె పారబోస్తారు.

ఈ ధర్మసూక్ష్మం తమ్ముడికెక్కదు. లైసెన్సు కొత్తగా వచ్చింది వాడికి. పల్నాటి యుద్ధానికి వెళ్లకుండా బాలచంద్రుణ్ణి తల్లి ఐతాంబ ఆపినట్టు పిన్ని తాళంచెవి కొంగున ముడేసుకుంది. కారెంపూడి రోడ్డు ఖాళీగా కనబడ్డప్పుడల్లా వాడి కుడి మణికట్టు గాల్లోనే తిరిగేది.

వ్రతం నడుస్తుండగానే నంబరు వచ్చింది. 2019లోనే రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరస పెట్టారు కాబట్టి, 2022లో పల్నాడు వేరే జిల్లా అయినా బండి మీద ఆ గొప్ప చెప్పుకునే వీలు లేకపోయింది. అంకెలు కూడితే తొమ్మిదైనందుకు బాబాయి శాంతించాడు.

వెయ్యి నిండాయి. మెకానిక్కు కింద బోల్టు విప్పగానే నల్లటి నూనె జారింది. బాబాయి వంగి, వేలితో ముట్టి, ఎండకు పెట్టి చూశాడు. సన్నగా మెరిసింది. పారబొయ్యనిస్తాడా! గేటు బందులకు పనికొస్తుందని సీసాలో పోయించుకున్నాడు. తమ్ముడు చెయ్యి చాచాడు. బాబాయి తాళం ఇచ్చినట్టే ఇచ్చి, "రెండో సర్వీసు దాకా యాభై దాటావంటే చూడు" అని కొత్త శాసనం జారీ చేశాడు.