అందర్నీ ఊదించండి మహాప్రభో!

శ్రీయుత ట్రాఫిక్ విభాగం ఉన్నతాధికారి గారి దివ్యసముఖమునకు,

పత్రికాఫీసులో రాత్రి డ్యూటీ చేసి, సిటీ ఎడిషన్ ఆఖరి పేజీ వదిలాక స్కూటరు మీద ఇల్లు చేరుకునే ఒక సబ్ ఎడిటర్ సవినయంగా చేసుకునే విన్నపం.

అయ్యా, నేను తాగను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. కడుపులో అల్సర్, ఇంట్లో అత్తగారు, ఇద్దరూ ఒప్పుకోరు. అయినా శనివారం రాత్రి అయ్యేసరికి తమ సిబ్బంది నన్ను వదిలిపెట్టరు. బారికేడ్ల మధ్య సందులోంచి టార్చిలైటు మొహాన పడుతుంది. ‘‘బండి సైడుకు పెట్టు. ఊదు.’’ ఊదుతాను. సున్నా. కానిస్టేబులు మిషను వంక, నా వంక మార్చి మార్చి చూసి ‘‘గట్టిగా ఊదు’’ అంటాడు. గట్టిగా ఊదుతాను. మళ్ళీ సున్నాయే. లెక్కల పరీక్షలో నాకు సున్నా వచ్చినప్పుడు మా మాస్టారు కూడా ఇంత నిరాశపడలేదు.

ఈ ముచ్చట మా పై వాటాలో ఉండే వకీలు గారి చెవిన వేశాను. వేయకుండా ఉండాల్సింది. ‘‘అసలు నిన్ను ఊదమనే అధికారం వాళ్ళకెక్కడిదయ్యా?’’ అంటూ ఆయన 1988 నాటి మోటారు వాహనాల చట్టం దించారు. 185వ సెక్షన్ సంగతి అందరికీ తెలిసిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికినవాడికి ఆరు నెలల దాకా జైలు, లేదంటే 10,000 రూపాయల జరిమానా, లేదంటే రెండూను. రెండోసారికి రెండేళ్ళ దాకా, 15,000. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా 203లో ఉంది. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి బండి నడిపేవాణ్ణి ఊదమనవచ్చు, కాని వాడు తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి సరైన కారణం ఉన్నప్పుడే. అంటే బండి వంకర్లు పోవాలి, మాట తడబడాలి, కనీసం వాసనైనా రావాలి. ‘‘నీ దగ్గరేం వాసన వస్తుంది, ప్రింటింగ్ ఇంకు తప్ప?’’ అన్నారాయన. (ఇంకు వాసన కూడా మా డెస్కు దగ్గరకు వచ్చి ఏళ్ళయింది. ఆయన ఊపు చూసి చెప్పబుద్ధి కాలేదు.)

నేను తమ తరపున వాదించానని మనవి. లైసెన్సు చూపించమని 130వ సెక్షన్ కింద ఎవర్నైనా అడగొచ్చు కదండీ, చూపిస్తూ నోరు తెరిస్తే వాసన వస్తుంది, వాసన వస్తే అనుమానం పుడుతుంది, అనుమానం పుట్టాక మిషను పెట్టొచ్చు, దారి సరిగానే ఉంది కదా అన్నాను. ‘‘దారి ఉంది. వాళ్ళు ఆ దారిన వచ్చారా? నీ లైసెన్సు అడిగారా?’’ అన్నారు. అడగలేదు. రాత్రిపూట నా లైసెన్సు మొహం చూసిన నాథుడు లేడు. తిన్నగా గొట్టమే. సరే, నామీద నేనే సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదని రాజ్యాంగంలో 20(3) ఉంది కదా, అది పనికొస్తుందా అని అడిగితే, అక్కడ మాత్రం ఆయన తమ పక్షాన నిలిచారు. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం తనమీద తాను సాక్ష్యం చెప్పడం కాదని 1961లోనే పదకొండు మంది జడ్జీలు కూర్చున్న సుప్రీంకోర్టు ధర్మాసనంలో తేలిపోయిందట. ఊపిరినీ ఆ పద్దులోనే రాసుకోమన్నారు.

ఇదంతా చదివి నేను కోర్టుకెక్కుతానేమోనని తమరు కంగారుపడవద్దు. నా విన్నపం పూర్తిగా అవతలి వైపు. అనుమానం ఉన్నా లేకున్నా ఊదించండి. కాకపోతే అందర్నీ ఊదించండి.

అనుమానం ఉండాలన్న షరతు మాలాంటివాళ్ళ రక్షణ కోసమే పెట్టారు, కాదనను. కాని అర్ధరాత్రి రోడ్డు మీద ఆ అనుమానం ఎవరి మీద వాలుతుందో స్కూటరు మీంచి రోజూ చూసేవాణ్ణి. సిమెంటు దుమ్ముతో ఇంటికెళ్ళే సెంట్రింగు మేస్త్రి, వీపున పెద్ద సంచీ తగిలించుకున్న డెలివరీ కుర్రాడు, ఆటో డ్రైవరు, ఆ తర్వాత నేను. మేమంతా వరసలో ఉండగా ఒక పెద్ద తెల్ల కారు వస్తుంది. అద్దం రెండంగుళాలు దిగుతుంది. ఆ రెండంగుళాల్లోంచి సెల్‌ఫోన్ ఒకటి బయటికొస్తుంది. ‘‘సార్ లైన్లో ఉన్నారు.’’ ఏ సారో మాకు తెలియదు, ఫోన్ అందుకున్న ఎస్సై గారికి తెలుస్తుంది. అద్దం పైకి, బారికేడు పక్కకి. అప్పటికి నేనింకా రెండోసారి ఊదుతూ ఉంటాను. ఎప్పుడైనా ఒక పెద్దింటి అబ్బాయి దొరికితే టీవీలవాళ్ళు తెల్లవార్లూ చూపిస్తారు, మేమూ మొదటి పేజీలో వేస్తాం. రోజూ జరిగేదైతే అంత హడావిడి ఎందుకుంటుంది?

అమెరికావాళ్ళు ఈ తగువును తమ సుప్రీంకోర్టు దాకా లాగారు. 1979లో డెలావేర్ కేసులో, ఏ అనుమానమూ లేకుండా పోలీసు తనకు తోచిన కారును ఏరుకుని ఆపి లైసెన్సు అడగడం చెల్లదన్నారు. 1990లో మిషిగన్ కేసు వచ్చింది. అక్కడి చెక్‌పోస్టులో ఆ రాత్రి 126 కార్లు ఆపారు, ఒక్కొక్కటి సగటున 25 సెకన్లు. దొరికింది ఇద్దరు. ముందే రాసిపెట్టుకున్న నిబంధనల ప్రకారం వచ్చిన ప్రతి కారునూ ఆపారు కాబట్టి అది చెల్లుతుందని ఆరుగురు జడ్జీలు, చెల్లదని ముగ్గురు. వకీలు గారికి ఆ ముగ్గురు నచ్చారు, నాకు ఆ ఆరుగురు. ఒకణ్ణి ఏరి ఆపితే వాడికి అది అవమానం. ముందువాణ్ణీ వెనకవాణ్ణీ కూడా ఆపితే ఇరవై అయిదు సెకన్ల ఆలస్యం, అంతే. ఆ తర్వాత మిషిగన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1993లో, ఢిల్లీ... క్షమించాలి, వాషింగ్టన్ ఏమన్నా మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఇది కుదరదు పొమ్మంది. టెక్సస్‌లో కూడా ఇలాంటి చెక్‌పోస్టులు పెట్టరు.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఇదే చెప్తాడు. ‘‘ఇక్కడ ఊరికే ఆపరు మామయ్యా.’’ ఊరికే ఆపరు గాని, గీత దాటితే ఆపుతారు, వెనక లైటు వెలక్కపోతే ఆపుతారు, తాగినట్టు తేలితే చేతులకు బేడీలు పడతాయి, ఆపైన వీసాకే ఎసరు. అందుకని అక్కడ ఒక్క బీరు తాగినా క్యాబ్ ఎక్కుతాడు. అదే మేనల్లుడు సంక్రాంతికి వచ్చి, నాలుగు పెగ్గులయ్యాక మా బావగారి కారు తాళాలు అడిగాడు. ‘‘నువ్వు తాగావురా’’ అంటే, ‘‘ఇక్కడెవడు ఆపుతాడు మామయ్యా?’’ అన్నాడు.

అయ్యా, తమ అసలు శత్రువు ఈ మాటే. చదువు తక్కువై అన్న మాట కాదు. మా బావగారి వీధిలో అందరూ అనే మాటే. తాగి నడిపి పట్టుబడినవాణ్ణి చూసి ‘పాపం, దొరికిపోయాడు’ అని జాలిపడతాం. వాడి పక్కన బండి నడిపినవాళ్ళ గురించి ఆ జాలి రాదు. పెళ్ళికి శుభలేఖ పంపడం మరిచిపోయిన స్నేహితుడు కూడా ‘బ్రో, సిగ్నల్ దగ్గర ఉన్నారు, లోపలి గల్లీలోంచి వచ్చెయ్’ అని వాట్సాప్‌లో పెట్టడం మాత్రం మరవడు. బారికేడు కనపడగానే దూరాన కారాపి, డ్రైవింగు సరిగా రాని భార్యను స్టీరింగు ముందు కూర్చోబెట్టే వీరులున్నారు. ఇక వంటింటి వైద్యం సంగతి చెప్పనక్కర్లేదు. పచ్చి ఉల్లిపాయ, పుదీనా, సోంపు, యాలకులు. మిషను కొలిచేది నోటి వాసనను కాదనీ, రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చిన ఆల్కహాలుననీ చెబితే వినేవాడు లేడు. ఉల్లిపాయ నమిలితే అంకె తగ్గదు, ఊదించే కానిస్టేబులుకు కష్టం పెరుగుతుంది. వీళ్ళందరిదీ ఒకటే పాట: ‘రెండే బీర్లు’. నేను ఇంతవరకు మూడు తాగానన్నవాణ్ణి చూడలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో తమకు తెలుసు. బైకు అదుపు తప్పి పడింది, నడిపిన కుర్రాడు అక్కడే పోయాడు. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు రోడ్డు మీది ఆ బైకును ఈడ్చుకుంటూ పోయింది, మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు కుర్రాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు ఎందుకంత త్వరగా తగలబడిందన్నది వేరే కథ, అందులో దోషులు వేరే. ఆ రోజుల్లోనే హైదరాబాదు పోలీసు కమిషనర్ సజ్జనార్ గారు, తాగి నడిపేవాళ్ళు ఉగ్రవాదులే అన్నారు. మా డెస్కులో ఆ మాట మీద వాదన జరిగింది. నాకు ఆ పోలిక కుదరలేదనే అనిపించింది. ఉగ్రవాది చంపడానికి బయల్దేరతాడు, వీడు ఇంటికెళ్ళి పడుకోడానికి బయల్దేరతాడు. చిక్కంతా అక్కడే ఉంది. వీడి మనసులో కుట్ర ఉండదు, మొహంలో కనపడదు, తనకే తెలియదు. బండి వంకర్లు పోయి తమకు అనుమానం కలిగేసరికి ఎవరో ఒకరి పని అయిపోయి ఉంటుంది. అనుమానం దాకా ఆగవద్దని నేను వేడుకునేది ఇందుకే.

తమ పక్క భవనంలో కూర్చునే ఆబ్కారీ వారి గురించి కూడా ఒక మాట. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు 2023లో లాటరీ తీశారు. అప్పటి దరఖాస్తు రుసుము రెండు లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి ఇవ్వలేదు. లక్షకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు రెండున్నర వేల కోట్లకు పైగా వచ్చిపడింది. డిసెంబరు 31న వారు బార్లకు ఒంటిగంట దాకా అనుమతిస్తారు, తమరు ఫ్లైఓవర్లు మూస్తారు. ఒకే సర్కారు, ఒకే రాత్రి. హైవేలకు 500 మీటర్లలోపు మందు అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఏమైందో గుర్తుందా? కొన్ని రాష్ట్రాలు దుకాణాలను కదపలేదు, రోడ్ల హోదా తగ్గించాయి. హైవే రాత్రికి రాత్రి ఊరి రోడ్డయింది. కేరళలో నార్త్ పరవూరులో ఒక బారు యజమాని ఇంకా తెలివైనవాడు, గేటు నుంచి తలుపు దాకా మెలికలు తిరిగే దారి కట్టి దూరం పెంచేశాడు. లోపలికి వెళ్ళేవాడు నడుస్తూ వెళ్ళాడు, బయటికొచ్చినవాడు బండెక్కాడు.

అన్నట్టు, పబ్బుల ముందు వ్యాలే పార్కింగు కుర్రాళ్ళుంటారు. తూలుతూ వచ్చినవాడికి వంగి నమస్కారం పెట్టి తాళంచెవి చేతిలో పెట్టేది వాళ్ళే. తమ బారికేడు రెండు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. ఆ రెండు కిలోమీటర్లు మేస్త్రివీ, నావీ, ఐస్‌క్రీమ్ బండి తోసుకెళ్ళేవాడివీ. బారికేడును ఆ కుర్రాడి పక్కనే నిలబెట్టడానికి ఏ చట్టం అడ్డొస్తుందో వకీలు గారు కూడా చెప్పలేకపోయారు.

బండి స్వాధీనం సంగతి. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, నడిపేవాడు తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో బండిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదంది. పక్కన తాగనివాడుంటే వాడికివ్వాలి, లేకపోతే బంధువులను పిలవాలి, ఎవరూ రాకపోతేనే దగ్గర్లోని స్టేషన్లో భద్రంగా ఉంచాలి. తమకు ఈ తీర్పు రుచించకపోయి ఉండవచ్చు. నా మట్టుకు నాకు అందులో జరిమానా కంటే గట్టి శిక్ష కనిపించింది. అర్ధరాత్రి మా అత్తగారికి ఫోన్ చేసి ‘అమ్మా, మీ అల్లుడుగారి బండి తీసుకెళ్ళండి’ అని చెప్పిస్తే, పదివేలు కట్టి బయటపడ్డవాడు కూడా ఆర్నెల్లు మంచినీళ్ళు తాగడానికి ఆలోచిస్తాడు. అవసరమైతే ఆవిడ నంబరు పంపుతాను.

కాబట్టి కోరేదేమంటే, 203వ సెక్షన్లోని ఆ అనుమానం షరతు తీయించమని తమ పైవారి ద్వారా ఢిల్లీకి రాయించండి. అది కేంద్ర చట్టం, తమ చేతిలో లేదని తెలుసు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వారు 1982లోనే ఎవర్నైనా ఊదించవచ్చని చట్టంలో రాసుకున్నారు, దొంగచాటు లేదు. మన 203లోనే ఇంకో వాక్యం రాయించండి. ప్రతి బండినీ ఆపాలి. రద్దీ ఎక్కువైతే ప్రతి అయిదో బండిని ఆపాలి, ఆ అయిదో బండి ఎవరిదైనా సరే. లెక్క రిజిస్టరులో ఉండాలి. ‘సార్ లైన్లో ఉన్నారు’ అని ఫోన్ చాపినవాడి నంబరు కూడా ఆ రిజిస్టరులోకే ఎక్కాలి. చట్టం మారేలోగా, దయచేసి మనిషికో కొత్త గొట్టం వాడించండి. నా ముందు ఊదిన మేస్త్రికి దగ్గు ఉంది.

వచ్చే శనివారం నేను వచ్చేటప్పటికి ఆ పెద్ద తెల్ల కారు నా ముందు ఉంటే, అద్దం పూర్తిగా దింపించి ఊదించండి. గట్టిగా ఊదమనండి. ఎంతసేపైనా పట్టనివ్వండి, వెనక నేను హారన్ కొట్టను.

ఇట్లు,
తమ విధేయుడు,
రాత్రి డ్యూటీ సబ్ ఎడిటర్