నన్ను కట్టినవాడి నోట్‌బుక్

నేను నిర్మల్‌లో ఒక కాలేజీ సర్వర్‌ని. పిల్లల మార్కులు, హాజరు, ఫీజుల లెక్కలు నాలోనే ఉండేవి. ఇప్పుడు స్టోర్ రూములో, విరిగిన కుర్చీల పక్కన ఉన్నాను.

2012 ఎండాకాలంలో ల్యాబ్ చూసే కుర్రాడు నాలో డెబియన్ 6 ఎక్కించాడు. "ఆప్ట్‌గెట్ కొడితే అయిపాయె గదా తమ్మీ, గింత తిప్పలెందుకు?" అన్నాడు పెద్ద సారు.

"ప్యాకేజీల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 0.9.8 ఉంది సార్. టీఎల్‌ఎస్ 1.2 రాదు. 1.0.1 సోర్సు తెచ్చి కడత."

కాన్ఫిగర్ నడిపాడు, మేక్ కొట్టాడు. తెర మీద వరసలు పరుగెత్తాయి, నా ఫ్యాను హోరెత్తింది, నా నెత్తిన పెట్టిన నిర్మల్ చిలుకబొమ్మ సన్నగా వణికింది. ఏదో లైబ్రరీ లేదని ఆగిపోతే అది తెచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. తర్వాత అపాచీని కూడా దానితోనే కట్టాడు. కొలతలు తీసి కుట్టించిన చొక్కా తొడుక్కున్నట్టుంది నాకు. ఇచ్చిన ప్రతి ఆప్షనూ ఒక రూళ్ల నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ రాత్రంటే నాకు ఇప్పటికీ గర్వమే.

ఏడాదికి వాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన డిస్కు నిండిందని, చెత్త అనుకుని సోర్సు ఫోల్డరు మొత్తం తీసేశాడు.

2014 ఏప్రిల్ 7న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా అన్నిటిలో అదే రంధ్రం. ఎవరైనా బయటి నుంచి అడిగితే చాలు, ఒక్కోసారికి 64 కిలోబైట్ల దాకా నా జ్ఞాపకం ఒలికిపోతుంది. అందులో పాస్‌వర్డులే ఉండొచ్చు, రహస్య తాళమే ఉండొచ్చు. ఆయన ప్యాకేజీల పట్టిక చూశాడు. ఆప్ట్‌కు తెలిసింది తాను పెట్టిన 0.9.8 ఒక్కటే, దానికి ఆ జబ్బు లేదు. యూఎస్ఆర్ లోకల్‌లో చేత్తో కట్టినదాని జోలికి అది రాదు. "మనది పాతది, మనకేం గాలె" అని ఆయన లేచిపోయాడు. నేను కారుతూనే ఉన్నాను. చెప్పుకోవడానికి నాకు నోరేది?

నెలల తర్వాత ఎవరో పరీక్షించి చూసి గాబరా పడ్డారు. 1.0.1జీ తెచ్చి మళ్లీ కడితే ఒక్క సాయంత్రం పని. కానీ ఏ ఆప్షన్లతో కట్టారో ఎవరికీ తెలియదు. నోట్‌బుక్ కోసం బీరువాలన్నీ వెతికారు. "సోర్సు నుంచి కట్టుడే తప్పు" అనేసి నా వైరు పీకారు. కట్టడం తప్పెలా అవుతుంది? కట్టినదాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేకపోయారు, అంతే.

నా ముందరి కాలు ఒకటి ఎప్పుడో విరిగింది. పెట్టె ఊగకుండా అడుగున ఎవరో ఒక పుస్తకం మడిచి పెట్టారు. రూళ్ల నోట్‌బుక్. మొదటి పేజీలో వాడి రాత ఇంకా చెదరలేదు.